మా పిల్లల్ని ఆటలో అరటిపండ్లు చెయ్యకండి

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను తెలుగు పంతులమ్మని. ఈ జిల్లాల్లోనే ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు రాయగడలో ఉంటున్నాను. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం ఊళ్లలో తెలుగు సంఘాలు నడుపుతున్న మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. మీలో చాలామంది నాకు తెలిసినవాళ్లే. కొందరి పిల్లలకు అక్షరాలు దిద్దించాను కూడా. ఆ చనువుతోనే మనసులో మాట చెబుతున్నాను.

పోయిన ఉగాదికి ఒక సంఘం వాళ్లు పిల్లలకు పద్యాల పోటీ పెట్టి, మార్కులు వెయ్యడానికి నన్ను పిలిచారు. ఏ ఊరో ఏ సంఘమో ఇక్కడ అనవసరం. ఆ రోజు అక్కడ జరిగింది మన ఊళ్లన్నిటిలోనూ జరిగేదే.

తొమ్మిదేళ్ల పాప ఒకతె స్టేజీ ఎక్కింది. పట్టు పరికిణీ, రెండు జడలు, కుడిచెయ్యి గట్టిగా మూసి ఉంది. వేమన పద్యాలు మూడు, సుమతి పద్యాలు రెండు, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఆగాల్సిన చోట ఆగింది, పలకాల్సిన చోట గట్టిగా పలికింది. మొదటి బహుమతి తనకే ఇచ్చాం. బహుమతి అంటే స్టీలు క్యారేజీ. దాన్ని రెండు చేతులా అందుకోబోతే మూసిన గుప్పిట్లోంచి ఒక కాగితం ముక్క జారి కింద పడింది. నేనే వంగి తీశాను. చెమటకు తడిసి సిరా అలుక్కుపోయింది. అందులో ఉన్నవి ఆ పాప చెప్పిన పద్యాలే. అక్షరాలు మాత్రం ఒడియావి.

నాన్నమ్మ చెబుతుంటే బడిలో నేర్చిన అక్షరాల్లో రాసుకుందట. "తెలుగు చదవడం రాదామ్మా?" అన్నాను. "మాటాడ్డం వచ్చు టీచరమ్మా, చదవడం రాదు" అంది. సిగ్గుపడలేదు. సిగ్గుపడాల్సింది తను కాదు గదా.

ఆ తర్వాత గంటంపావు సన్మానాలు జరిగాయి. శాలువాలు లెక్కపెట్టాను, పదకొండు. అందులో ఒకటి నాకూ కప్పారు. తెలుగు వెలగాలి, తెలుగు నిలవాలి అని మైకు పట్టుకున్న ప్రతివారూ అన్నారు. ఆ హాల్లో ఒక్క తెలుగు పిల్లల పుస్తకం లేదు. బల్ల మీద లేదు, బహుమతుల్లో లేదు, ఎవరి ఉపన్యాసంలోనూ లేదు. పాప క్యారేజీ పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ కాగితం ముక్క నా పర్సులో ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది.

నేను అడిగేది ఇదీ. ఈ ఏడు నుంచి మీ వేడుకల్లో పిల్లలకిచ్చే ప్రతి బహుమతీ తెలుగు పిల్లల పుస్తకమే కావాలి. పుస్తకం ఇచ్చి వదిలెయ్యకుండా, దాన్ని కూచోబెట్టి చదివించే ఏర్పాటు కూడా మీరే చెయ్యాలి.

"ఏ పుస్తకం మంచిదో మాకేం తెలుసు టీచరమ్మా" అని మీరంటారు. చాలాసార్లు విన్నాను, కాదనను కూడా. మన బజార్లో దుకాణానికి వెళ్లి తెలుగు పిల్లల పుస్తకం అడిగితే పంచాంగమో పెద్దబాలశిక్షో చూపిస్తారు. అటు విజయనగరమో విశాఖపట్నమో వెళ్లినా, అట్ట మీద బొమ్మ చూసి కొనడమే. అలాంటప్పుడు పట్టుకోవడానికి ఒక కొస కావాలి. నాకు దొరికిన కొస పురస్కారాల జాబితా.

కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. 24 భాషల్లో, భాషకొకరికి, 50 వేల రూపాయలూ తామ్రఫలకమూ ఇస్తారు. మన తెలుగుకీ ఏటా వస్తోంది. ఆ వార్త పేపర్లో ఒక్కరోజు కనిపిస్తుంది, రచయితకు ఊళ్లో సన్మానం జరుగుతుంది, అక్కడితో సరి. ఆ పుస్తకం పిల్లల చేతికి వెళ్లిందా అని అడిగేవాళ్లు తక్కువ. మీలో ఎంతమంది ఆ పుస్తకాల్లో ఒక్కదాన్నయినా పట్టుకుని చూశారు? నేనూ రిటైరయ్యేదాకా చూడలేదు. బడిలో ఉన్నన్నాళ్లూ పాఠ్యపుస్తకం దాటి పోలేకపోయాను. ఆ బాధ నాలో ఉండబట్టే ఇంత పట్టుగా రాస్తున్నాను.

2013లో ఆ పురస్కారం డి. సుజాతాదేవి గారి కథల పుస్తకానికి వచ్చింది. దాని పేరు 'ఆటలో అరటిపండు'. ఆదివారాలు మా వరండాలో పిల్లల చేత తెలుగు పుస్తకాలు చదివిస్తుంటాను. ఒకరోజు వాళ్లకి ఆ అట్ట చూపించి, ఈ మాటకి అర్థమేంటో చెప్పమన్నాను. పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. ఒక పిల్లాడు, "ఆడుకుంటా అరటిపండు తినడం" అన్నాడు. అప్పుడు వాళ్ల నాయనమ్మ ఒకావిడ గుమ్మం దగ్గర నుంచి అందుకుంది. "ఓరి నాయనా, మీ చెల్లిని మొన్న దొంగాటలో నిలబెట్టారు కాదేటి! అది దొరికినా దొంగ పెట్టలేదు కదా. అదీ ఆటలో అరటిపండంటే." పిల్లలంతా ఒక్కసారి ఆ చెల్లెలి వైపు తిరిగారు. ఐదేళ్లది. అప్పటిదాకా తను నిజంగా ఆడుతున్నాననే అనుకుంది పాపం. ముఖం చిన్నబుచ్చుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలుగు అనే ఆటలో మన సరిహద్దు పిల్లలు ఉన్నది సరిగ్గా అలాగే. స్టేజీ ఎక్కిస్తాం, పద్యం పాడిస్తాం, చప్పట్లు కొడతాం, ఫొటో తీస్తాం. లెక్కలోకి మాత్రం తీసుకోం. వాడు చదవగలడా, చదివి నవ్వగలడా, ఒక కథ చదివి ఇంకో కథ కావాలని అడుగుతాడా అని ఎవరం చూడం.

అందుకే ఈ పుస్తకాలు. ఆ జాబితాలో నాకు మన ప్రాంతంతో దగ్గరితనం కనిపించింది ఎక్కడో చెబుతాను. 2018లో పురస్కారం నారంశెట్టి ఉమామహేశ్వరరావు గారి గేయాల పుస్తకం 'ఆనందలోకం'కి వచ్చింది. 2019లో బెలగాం భీమేశ్వరరావు గారి కథల పుస్తకం 'తాత మాట వరాల మూట'కి వచ్చింది. వరసగా రెండేళ్లు. ఇద్దరిదీ పార్వతీపురమే! మనం పెళ్లిబట్టలకి వెళ్లే ఊరు, డాక్టరు కోసం వెళ్లే ఊరు. రాయగడలో పొద్దున్న రైలెక్కితే పని చూసుకుని మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. మన నాగావళి మన ఊరు దాటి పారేదీ అటువైపే. దేశమంతా గుర్తించిన తెలుగు పిల్లల పుస్తకాలు రెండు అంత దగ్గర పుడితే, ఇవతల మన పిల్లలకి వాటి పేరు కూడా తెలియదు. హైదరాబాదు నుంచి ఎవర్నో కవిగారిని పిలిచి, రానుపోను ఖర్చులిచ్చి ఉపన్యాసం పెట్టిస్తాం కదా! ఒక్కసారి పార్వతీపురంలో పిల్లలకి రాసేవాళ్లని పిలవండి. పెద్దల ముందు కాదు, పిల్లల మధ్య కూచోబెట్టండి. పెద్దవాళ్లకి కుర్చీలు వెయ్యకండి ఆ పూట.

'తాత మాట వరాల మూట' అని ఆ పేరు చదివి వినిపిస్తే చాలు, పిల్లలు దాన్ని పట్టుకుని పాడటం మొదలుపెట్టారు. మాట, మూట, మాట, మూట. దీర్ఘం ఎక్కడ, కొమ్ము ఎక్కడ అని నేను బోర్డు మీద నెల్లాళ్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క పేరుతో ఎక్కింది.

ఇక చదవడం దగ్గర అసలు చిక్కు ఎక్కడుందో మీకు చెప్పాలి. మన పిల్లలకు తెలుగు రాదనుకుంటే పొరపాటు. నోట్లో తెలుగు ఉంది, చెవిలో తెలుగు ఉంది. కళ్లకే అలవాటు లేదు. ఒక ఆదివారం ఒక పిల్ల 'అందం' అన్న మాటను "అఠదఠ" అని చదివింది. మిగతా పిల్లలు నవ్వలేదు, వాళ్లూ అలాగే చదివేవారు కాబట్టి. నేను ముందు బిత్తరపోయాను. తర్వాత ఒడియా వాచకం తెచ్చి చూస్తే తెలిసింది. ఒడియాలో 'ఠ' మన నిండుసున్నలా గుండ్రంగా ఉంటుంది. వాళ్ల సున్న అక్షరం పక్కన చిన్నగా ఒదిగి ఉంటుంది, మనది అక్షరమంత ఉంటుంది. పిల్ల తప్పేం లేదు. తన బడి నేర్పిందే చదివింది. ఆ రోజు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, ఇక్కడ ఇది 'ఠ', ఇక్కడ ఇది సున్న అని వేలు పెట్టి చూపించాను. పదినిమిషాల పని. ఆ పదినిమిషాలు ఎవరూ ఇవ్వకపోతే ఆ పిల్ల జన్మంతా తెలుగు బోర్డు చూసి మొహం తిప్పుకునేది.

ఇంకొకటి. 'పలక' అని రాసి ఉంటే మొదట "పొలొకొ" అంటారు. ఒడియాలో అకారం అలా గుండ్రంగా పలుకుతుంది. కానీ పైకి చదివిస్తే తమ గొంతు తమకే వినిపించి, "ఓ, పలక!" అని దిద్దుకుంటారు. నాలుక బడిలో తిరిగింది, చెవి అమ్మ దగ్గర తిరిగింది. ఆ రెండూ కలవాలంటే పైకి చదవాలి. పైకి చదవడానికి గేయాన్ని మించింది లేదు. లయ ముందే చెవికి తెలిసిపోతుంది, కన్ను దాని వెంట పోతుంది.

కాబట్టి నా సలహా, మొదట గేయాల పుస్తకాలు కొనండి. 'ఆనందలోకం' సరే. 2012లో పురస్కారం అందుకున్న రెడ్డి రాఘవయ్య గారి 'చిరుదివ్వెలు', 2016లో అందుకున్న అలపర్తి వెంకట సుబ్బారావు గారి 'స్వర్ణపుష్పాలు', 2022లో అందుకున్న పత్తిపాక మోహన్ గారి 'బాలల తాతా బాపూజీ', ఇవన్నీ గేయాలే. గాంధీ జయంతికి బడిలో ఒడియా పాట పాడతారు మన పిల్లలు. మన సంఘంలో తెలుగు గేయం పాడితే ఆ రోజుకి ఇంకో అందం వస్తుంది.

కథల్లోకి దిగడానికి ఆర్నెల్లు ఆగండి. 'ఆటలో అరటిపండు', 'తాత మాట వరాల మూట' ముందు పెట్టండి. తర్వాత దాసరి వెంకటరమణ గారి 'ఆనందం', కన్నెగంటి అనసూయ గారి 'స్నేహితులు', డి.కె. చదువులబాబు గారి 'వజ్రాలవాన'. ఎనిమిదీ తొమ్మిదీ చదివే పిల్లలకు నవల ఇవ్వాలి. వాళ్లకి చిన్న కథలిస్తే, మేం చిన్నపిల్లలమా అని చిన్నతనం పడతారు. ఈ పురస్కారం మొదటి ఏడు, 2010లో, కలువకొలను సదానంద గారి 'అడవితల్లి' నవలకే వచ్చింది. చుట్టూ కొండా అడవీ ఉన్న మన పిల్లలకు ఆ పేరే ముందు చేయి చాపుతుంది. 2024లో పి. చంద్రశేఖర ఆజాద్ గారి 'మాయాలోకం' కూడా నవలే. నాటకం వేయించే ఉత్సాహం ఉంటే దేవరాజు మహారాజు గారి 'నేను అంటే ఎవరు?' ఉంది, 2021 పురస్కారం. ప్రతి ఏటా పౌరాణిక నాటకమే వేస్తున్నాం కదా, ఒక ఏడు పిల్లలకి ఇది ఇచ్చి చూడండి. నాటకంలో వేషం వచ్చిన పిల్లాడు తన వంతు మాటలు చదివి తీరాలి. చదువు నేర్పడానికి అంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

ఇక్కడ ఒక్క మాట. పురస్కారం వచ్చిన పుస్తకమే గొప్పది, రానిది కాదు అని నేను అనడం లేదు. ఆ నిర్ణయం పెద్దవాళ్లు చేసేది. పిల్లలని ఎవరూ అడగరు. ఒక్కోసారి ఒక్క పుస్తకానికి కాక మొత్తం కృషికి ఇస్తారు, 2017లో వాసాల నర్సయ్య గారికి ఇచ్చినట్టు. అప్పుడు ఏ పుస్తకం కొనాలో మనమే ఎంచుకోవాలి. జాబితాలో ఉన్నదాన్ని పిల్లాడు రెండు పేజీలు చదివి పక్కన పడేస్తే వాడిని కోప్పడకండి. ఇంకోటి చేతికివ్వండి. మా దగ్గర పిల్లలకి ఒకటే నియమం: నచ్చకపోతే మూసెయ్యొచ్చు, కానీ ఎందుకు నచ్చలేదో తెలుగులో చెప్పాలి. ఆ చెప్పడంలో వాళ్లకి వచ్చే మాటలు వింటే నాకు ముద్దొస్తుంది.

అమెరికాలో న్యూబెరీ పతకం అని ఒకటుంది, 1922 నుంచి ఇస్తున్నారు. పిల్లల గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లే కూచుని ఆ పుస్తకాన్ని ఎంచుతారు. పుస్తకం అట్ట మీద బంగారు రంగు పతకం అచ్చేస్తారు. చదవడం రాని తల్లయినా ఆ గుర్తు చూసి పుస్తకం తియ్యగలదు. బొమ్మలు వేసినవాళ్లకి 1938 నుంచి కాల్డెకాట్ పతకం విడిగా ఉంది. మనకా ఏర్పాటు లేదు. మన పురస్కారం రచయితకే. అదీ తొమ్మిది నుంచి పదహారేళ్ల పిల్లల పుస్తకాలకని పెట్టింది. అంచేత బుజ్జిపిల్లలకి ఈ జాబితా పనికిరాదు. పదకొండేళ్లయినా తెలుగు అక్షరం ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లకీ నేరుగా పనికిరాదు. వాళ్లకి బొమ్మల పుస్తకాలు కావాలి.

అవి ఎక్కడ దొరుకుతాయో కూడా చెబుతాను. నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో బొమ్మల పుస్తకాలు వేస్తుంది. ఒకే పుస్తకం, అవే బొమ్మలు, ఎన్నో భాషల్లో వస్తుంది. తెలుగు ప్రతి ఒకటి, ఒడియా ప్రతి ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టండి. పిల్ల ఒడియాలో చదివిన వాక్యాన్ని తెలుగులో పోల్చుకుంటుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో 2015 నుంచి కథలు ఉచితంగా ఉన్నాయి. తెలుగులోనూ ఉన్నాయి, ఒడియాలోనూ ఉన్నాయి. ఫోనులో చదవొచ్చు, అచ్చు తీసి కుట్టుకోవచ్చు. మేం అలాగే పదిహేను పుస్తకాలు కుట్టాం. టైలరు దగ్గర మిగిలిన అట్టలతో, పాత చీర అంచులతో. పిల్లలు తాము కుట్టిన పుస్తకాన్ని చింపరు.

ఒడియా పుస్తకాల మాట ఎందుకెత్తానంటే, మన సంఘాల్లో కొందరు ఒడియా అంటే పోటీ అనుకుంటారు. ఒడియా మన పిల్లల బడి భాష, అన్నం పెట్టబోయే భాష. అకాడమీ ఒడియాకి కూడా ఏటా ఇదే పురస్కారం ఇస్తుంది. మీరు కొనే పెట్టెలో ఒడియా పుస్తకాలకీ చోటివ్వండి. ఒడియాలో చదువు మీద ఇష్టం పుట్టిన పిల్ల తెలుగులో కూడా చదువుతుంది. రెండూ లేని పిల్ల ఫోను చూస్తుంది.

భాష సంగతి కూడా చెప్పి తీరాలి. ఈ పుస్తకాల్లో 'త్వరగా రా' అని ఉంటుంది, మన ఇళ్లలో 'బేగి రా' అంటాం. ఒక పిల్లాడు 'త్వరగా' దగ్గర ఆగిపోయాడు. "బేగి అని" అన్నాను. "మరి బేగి అని రాస్తే అయిపోను కదా!" అన్నాడు. ఆ మాట అన్నది రాయగడలో. నూరేళ్ల కిందట ఇదే మాట పట్టుకుని పోరాడిన మనిషి మన పర్లాకిమిడిలో పంతులుగా పనిచేశారు. గిడుగు రామ్మూర్తి గారు. నోట మాట్లాడే భాషే పుస్తకంలో ఉండాలన్నారు. అంతకుముందే ఆ చుట్టుపట్ల సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, అందులోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి చదువు చెప్పించారు. మనం ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తున్నాం. ఆయన చేసిన పని మాత్రం పిల్లలకు పుస్తకం ఇవ్వడం. మన పిల్లలకు 'త్వరగా' నేర్పుదాం, 'బేగి'ని తప్పు అనకుండా నేర్పుదాం. పుస్తకం పక్కన పెన్సిలుతో 'బేగి' అని రాసుకోనివ్వండి.

బరంపురం పెద్దలకు విడిగా ఒక మనవి. తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్య అయిన న్యాయపతి రాఘవరావు గారు పుట్టింది మీ ఊళ్లోనే, 1905లో. మద్రాసు రేడియోలో పిల్లలకి ఆటలూ పాటలూ పెట్టి, 1945లో 'బాల' పత్రిక మొదలుపెట్టారు ఆయనా, ఆయన భార్య కామేశ్వరి గారూ. పిల్లల చేతే రాయించారు. ఆ రాసిన పిల్లల్లో కొందరు పెద్దయ్యాక తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకునే రచయితలూ చిత్రకారులూ అయ్యారు. ఆయన పేరుతో మీ ఊళ్లో పిల్లలకి ఒక పుస్తకాల గది పెడితే ఎంత బాగుంటుంది! పెద్ద భవనం అక్కర్లేదు. గుడి వసారా చాలు, కళ్యాణ మండపంలో వారానికి రెండు గంటలు ఖాళీగా ఉండే గది చాలు.

గది అంటే గుర్తొచ్చింది. ఒక ఊళ్లో సంఘం వాళ్లు చాలా ఏళ్ల కిందట తెలుగు పుస్తకాలు కొని గాజు బీరువాలో పెట్టారు. నేను పిల్లల్ని తీసుకుని వెళ్తే తాళంచెవి కార్యదర్శి గారి దగ్గర ఉందన్నారు. కార్యదర్శి గారు ఊళ్లో లేరు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి పుస్తకాల వీపుల మీద పేర్లు కూడబలుక్కుని చదివారు. మళ్లీ వెళ్లినప్పుడు తాళం తీశారు గానీ, ఇంటికివ్వం, పాడుచేస్తారు అన్నారు. లోపల పుస్తకాలకు చెదలు పట్టింది. పిల్లలు పాడుచేస్తారని దాచి చెదలకి అప్పగించాం. దయచేసి ఈసారి బీరువా కొనకండి. అట్టపెట్టెలు చాలు. ఒక నోటు పుస్తకం పెట్టండి, పిల్లలే పేరు రాసి తీసుకెళ్తారు, వాళ్లే తెచ్చిస్తారు. మా దగ్గర రెండేళ్లలో నాలుగు పుస్తకాలు పోయాయి. ఆ నాలుగూ ఎవరింట్లోనో ఎవరో చదువుతూనే ఉంటారు, నాకా బెంగ లేదు.

ఖర్చు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. ఒక శాలువా డబ్బుకి రెండు మూడు పిల్లల పుస్తకాలు వస్తాయి. ఆ ఉగాది నాటి పదకొండు శాలువాల బదులు పాతిక పుస్తకాలు తేలిగ్గా వచ్చేవి. పెద్దలకు గౌరవం ఇవ్వొద్దని కాదు. గౌరవించదలచుకున్న పెద్దమనిషి చేతికి ఒక పిల్లల పుస్తకం ఇచ్చి, "ఇది మీ చేత్తో ఫలానా పాపకివ్వండి, పది నిమిషాలు చదివి వినిపించండి" అనండి. నాకు అలాంటి సన్మానం చేస్తే రాయగడ నుంచి నడిచొస్తాను.

అకాడమీకీ ఒక అర్జీ పెడదాం, సంతకాలు నేనూ కూడగడతాను. తెలుగు వ్యవహారాలు వాళ్ల బెంగళూరు కార్యాలయం చూస్తుంది, ఒడియావి కోల్‌కతా కార్యాలయం చూస్తుంది. రెంటి మధ్యా ఉన్న మన ఊళ్లు ఎవరి లెక్కలోకి వస్తాయో వాళ్లనే చెప్పమందాం. పురస్కారం వచ్చిన తెలుగు, ఒడియా పిల్లల పుస్తకాలు ఏటా ఈ జిల్లాల్లో ఒక్క పూట ప్రదర్శన పెట్టి అమ్మమని అడుగుదాం. రాజ్యాంగంలో 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలంటోంది. తెలుగు బడుల కోసం, తెలుగు టీచర్ల కోసం మీరు తిరుగుతున్న తిరుగుడు నాకు తెలుసు, అది మానొద్దు. కానీ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లేసరికి మూడో తరగతి పిల్ల ఏడో తరగతికి వస్తుంది. ఈలోగా ఒక పుస్తకం ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ ఉగాది పాప ఇప్పుడు ప్రతి ఆదివారం మా వరండాకి వస్తోంది. వాళ్ల నాన్న సైకిలు మీద దింపి వెళ్తాడు. మొన్న 'చిరుదివ్వెలు' తీసుకెళ్లింది. నోటు పుస్తకంలో తన పేరు తెలుగులో రాసుకుంది. పేరులో ఉన్న సున్నని కాస్త పెద్దగా, గట్టిగా దిద్దింది.

మీ ఊళ్లో మొదలుపెట్టాలనుకుంటే ముందు మా పెట్టెలో పుస్తకాలు తీసుకెళ్లి ఓ నెల వాడి చూడండి. తర్వాత మీరు కొనుక్కోవచ్చు. ఆదివారం పొద్దున్న ఎనిమిది నుంచి పది దాకా ఉంటాం. ఒట్టి చేతుల్తో రాకండి, మీ ఇంట్లో పిల్లనో పిల్లాడినో వెంటబెట్టుకుని రండి.

ఇట్లు,
రాయగడ నుంచి మీ తెలుగు టీచరు